సోమవారం రాత్రి భోజనం

పోయిన ఆదివారం టెక్సస్‌లోని ఫ్రిస్కో నుంచి మా అక్క ఫోన్ చేసింది. పలకరింపులేమీ లేవు. "ఒరేయ్, వీడు ఫ్రాటర్నిటీలో చేరతానంటున్నాడు. నా మాట వినడం లేదు. నీ మాటైతే వింటాడు, కాస్త చెప్పరా" అంది. మేనల్లుడు ఈ ఆగస్టులోనే ఒహాయోలో ఇంజినీరింగ్‌లో చేరాడు. ఫ్రాటర్నిటీ అంటే ఇక్కడి కాలేజీల్లో గ్రీకు అక్షరాల పేర్లతో ఉండే అబ్బాయిల సంఘం, వాళ్లు కలిసి ఉండే ఇంటిని హౌస్ అంటారు. చెప్పు అంటే వద్దని చెప్పు అని ఆవిడ ఉద్దేశం.

నేను వాడికి ఫోన్ చేసి, వెళ్లి చూడు, నచ్చితే చేరు అన్నాను. అది తెలిసి అక్క రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆవిడ భయంలో తప్పు లేదు. నేను కాలేజీలో ఉన్న నాలుగేళ్లూ అక్క పెళ్లయి హైదరాబాద్‌లో ఉంది. అప్పట్లో కాలింగ్ కార్డు కొని, వెనకాల నంబరు గీకి, నిమిషాలు లెక్కపెట్టుకుంటూ మాట్లాడేవాళ్లం. బాగున్నావా, తిన్నావా, చలి ఎలా ఉంది, అంతే. ఆ నిమిషాల్లో ఇమడనివన్నీ ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను. అక్క కోసమే కాదు. ఈ మధ్యే పిల్లల్ని హాస్టల్లో దింపి ఖాళీ కారులో ఇంటికి తిరిగొచ్చిన అమ్మానాన్నల కోసం, ఆ కారు మలుపు తిరిగేదాకా చూసి ఒక్కళ్లే గదిలోకి వెళ్లిన పిల్లల కోసం కూడా.

1998లో మేం తెనాలి నుంచి షికాగో పక్కనున్న అరోరాకి వచ్చాం. 2000 సంవత్సరం వచ్చేలోగా కంప్యూటర్లలో తేదీలు సరిచేయాలన్న వైటూకే హడావిడిలో నాన్నకి వచ్చిన ఉద్యోగం అది. నాకప్పుడు పదహారేళ్లు. ఊళ్లో బాలాజీ గుడి ఉందని తెలిశాక అమ్మ కాస్త కుదుటపడింది. నాకు మాత్రం హైస్కూల్లో లంచ్ గంట కొడితే కాళ్లు బరువెక్కేవి. ట్రే పట్టుకుని నిలబడేవాణ్ణి. ఖాళీ కుర్చీలకి కొదవ లేదు. ఎక్కడ కూర్చుంటే పక్కవాళ్లు లేచిపోకుండా ఉంటారో అదే తెలిసేది కాదు. రెండేళ్లు అలాగే గడిచాయి.

2000 ఆగస్టులో అర్బానా-షాంపేన్‌లోని ఇల్లినాయ్ యూనివర్సిటీలో సివిల్ ఇంజినీరింగ్‌లో చేరాను. అరోరా నుంచి కారులో రెండున్నర గంటలు. దారి పొడవునా రెండు వైపులా మొక్కజొన్న, సోయా. క్యాంపస్ మధ్యలో కూడా ఒక మొక్కజొన్న చేను ఉంది. మోరో ప్లాట్స్ అంటారు, 1876 నుంచి అది ప్రయోగాల చేను. దాని మీద నీడ పడకూడదని పక్కనున్న లైబ్రరీని నేల లోపలికి దించి కట్టారు. నాన్న ఆ సంగతి విని చేను గట్టు దగ్గర కాసేపు నిలబడిపోయారు. "పంటకి ఇంత మర్యాద ఇచ్చే చోట నీకేం భయం లేదులేరా" అన్నారు. నన్ను దింపి వెళ్లిపోయారు.

సిక్స్‌ప్యాక్ అని పిలిచే ఆరు హాస్టల్ భవనాల్లో ఒకదాంట్లో నా గది. రూమ్మేట్‌ది షికాగో పక్కనే, శుక్రవారం మధ్యాహ్నం కాగానే బట్టల సంచీ భుజాన వేసుకుని ఇంటికి వెళ్లిపోయేవాడు. క్లాసులంటే గుమ్మటం ఉన్న ఫోలింగర్ ఆడిటోరియంలో వందల మంది మధ్య కూర్చోవడం. ప్రొఫెసర్‌కి నేను తెలియదు, పక్కవాడికీ తెలియదు. నేను రాకపోయినా అక్కడ ఏదీ ఆగదు.

మూడో ఆదివారం సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. హలో అందామంటే గొంతు పెగల్లేదు. "జలుబు చేసిందా నాన్నా?" అంది. జలుబు కాదు. శుక్రవారం మధ్యాహ్నం నుంచి నేను ఎవరితోనూ మాట్లాడలేదు. డైనింగ్ హాల్లో ప్లేటు అందుకున్నప్పుడు ఒక థ్యాంక్యూ అని ఉంటాను, అంతే. అవునమ్మా జలుబే అని చెప్పి ఫోన్ పెట్టేశాను.

తెలుగువాళ్లు లేక కాదు. గ్రీన్ స్ట్రీట్ దగ్గర అపార్ట్‌మెంట్లలో ఎమ్మెస్ చదివే అన్నయ్యలు ఉండేవాళ్లు. ఆదివారాలు పిలిచి ముద్దపప్పు, ఆవకాయ పెట్టేవాళ్లు. తమ్ముడూ తమ్ముడూ అని ఎంతో ప్రేమగా చూసేవాళ్లు. కానీ వాళ్లు అప్పటికే డిగ్రీలు పూర్తిచేసి వచ్చినవాళ్లు. వాళ్ల ధ్యాస అసిస్టెంట్‌షిప్ మీద, హెచ్ వన్ ఉద్యోగ వీసా మీద. పద్దెనిమిదేళ్లవాడికి రోజూ తలుపు కొట్టే తోటివాళ్లు కావాలి.

ఫ్రాటర్నిటీ అంటే నేను మొదట చూసింది అక్క భయపడుతున్న లాంటిదే. హాస్టల్లో మా అంతస్తు కుర్రాళ్లు శుక్రవారం రాత్రి ఒక హౌస్‌కి తీసుకెళ్లారు. చెవులు గింగుర్లెత్తే పాటలు, బీరు ఒలికి చెప్పులు అతుక్కుపోయే నేల. గుమ్మంలోనే ఒకడు నా చేతిలో ఎర్ర ప్లాస్టిక్ కప్పు పెట్టాడు. తాగనంటే నా ముఖం వంక వింతగా చూసి పక్కకి తిరిగాడు. నా పేరు అడగలేదు. పది నిమిషాల్లో బయటికి వచ్చేసి ఇక ఈ వీధుల వైపే రాకూడదు అనుకున్నాను.

తర్వాతి వారం కెమిస్ట్రీ ల్యాబ్‌లో నా పార్టనర్ అడిగాడు, సోమవారం రాత్రి మా హౌస్‌లో భోజనానికి వస్తావా అని. ఇల్లినాయ్ దక్షిణాన పల్లెటూరి కుర్రాడు. వాళ్లది మొక్కజొన్న, సోయా వ్యవసాయం. మాట నెమ్మది. వాడు కూడా అప్పుడే చేరాడు, వాళ్లన్నయ్య అంతకుముందు అదే హౌస్‌లో ఉండేవాడట. "సోమవారమే రా. శనివారం అన్ని హౌస్‌లూ ఒకేలా కనిపిస్తాయి" అన్నాడు. ఇప్పుడు కొత్త పిల్లలకి నేను మొదట చెప్పే మాట అదే.

సోమవారం మాత్రం చొక్కా, టై ఉండాలి. నా దగ్గర చొక్కా ఉంది, టై లేదు. ఉన్నా కట్టడం రాదు. గుమ్మంలో నన్ను చూసి థర్డ్ ఇయర్ చదివే ఒకతను లోపలికి వెళ్లి నీలం చారల టై తెచ్చాడు. అద్దం ముందు నన్ను నిలబెట్టి, తను వెనకాల నిలబడి, నా భుజాల మీదుగా చేతులు చాపి ముడి వేశాడు. ఒక్కో మడత పైకి చెబుతూ వేశాడు. తర్వాత విప్పేసి "ఇప్పుడు నువ్వు" అన్నాడు. మూడోసారికి వచ్చింది. అప్పుడు తన పేరు చెప్పి, నా పేరు అడిగి, రెండుసార్లు పలికి చూసుకున్నాడు. వేంకటేశ్వర్లు అన్న పేరుని వెంకీ చేయకుండా పూర్తిగా పలకడం నేర్చుకున్న మొదటి అమెరికన్ అతనే. తర్వాత అతనే నా బిగ్ బ్రదర్ అయ్యాడు. కొత్తగా చేరిన ప్రతివాడికీ ఒక పెద్దవాణ్ణి అప్పజెబుతారు, అతన్ని ‘బిగ్’ అంటారు.

ఐదింటికి భోజనం. పొడవాటి బల్లలు, నలభై మంది. అందరూ వచ్చి కూర్చునేదాకా ఎవరూ ఫోర్కు ముట్టరు. క్లాసు ఉండి రాలేనివాళ్లు పొద్దున్నే వంటింటి తలుపు మీది కాగితంలో పేరు రాస్తే చాలు. వంటావిడ ప్లేటులో వడ్డించి, రేకు కాగితం కప్పి, దాని మీద టేపు అంటించి పేరు రాసి దాచేది. దాన్ని లేట్ ప్లేట్ అంటారు. ఆ రాత్రి తిరిగి వెళ్తూ వంటింట్లోకి చూశాను. బల్ల మీద వరసగా నాలుగు ప్లేట్లు, నాలుగు పేర్లు. తెనాలిలో ట్యూషన్ నుంచి ఆలస్యంగా వస్తే నాయనమ్మ కంచం మీద మూతపెట్టి ఉంచేది. ఆ ప్లేట్ల ముందు నేను ఎంతసేపు నిలబడ్డానో నాకు తెలియదు.

రష్ అంటే ఇలా వెళ్లి పరిచయం చేసుకునే రోజులే. వాళ్లకి మనం నచ్చితే ‘బిడ్’ ఇస్తారు, అంటే చేరమని పిలుపు. నాకు ఇచ్చారు. ఇంట్లో చెప్పాను.

అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. మేం వచ్చే ముందు ఏడాదే, 1997లో, ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. అప్పట్లో పేపర్లలో వచ్చిన వార్తలన్నీ అమ్మ మనసులో ఉన్నాయి. హేజింగ్ అంటే ర్యాగింగే కదా అంది. అవును, అదే. నాన్న ఏమీ అనలేదు. ఆ శనివారం పొద్దున్నే చెప్పాపెట్టకుండా కారేసుకుని వచ్చేశారు.

అప్పటికి హౌస్‌లో శనివారం శుభ్రం నడుస్తోంది. ప్రెసిడెంట్ మెట్లు తుడుస్తున్నాడు, సీనియర్లు బాత్రూములు కడుగుతున్నారు. నాన్న ఎవరినీ ఆపలేదు, ఇల్లంతా తిరిగి చూశారు. తర్వాత ఇరవై రెండేళ్ల ఆ ప్రెసిడెంట్‌ని కూర్చోబెట్టి, కరెంటు బిల్లు ఎవరు కడతారు, లెక్కలు ఎవరు రాస్తారు, పరీక్ష తప్పినవాణ్ణి ఏం చేస్తారు అని అడిగారు. అతను లెక్కల పుస్తకం తెచ్చి ముందు పెట్టాడు. పోయిన సెమిస్టర్ ఛాప్టర్ సగటు జీపీఏ, అంటే క్యాంపస్‌లోని తమ శాఖ మొత్తం మార్కుల సగటు, చెప్పాడు. కొత్తవాళ్లని ఏమీ చేయించకూడదన్న నిబంధన కాగితం చూపించాడు. నాన్న చివరికి గ్రీకు అక్షరాల సంగతి అడిగారు. ఇదేం పిచ్చి, గ్రీసుకీ మీకూ ఏం సంబంధం అని. అతను ఓపిగ్గా చెప్పాడు.

ఆ కథ నాకూ అప్పుడే తెలిసింది. 1776 డిసెంబర్‌లో వర్జీనియాలోని విలియమ్ అండ్ మేరీ కాలేజీలో కొందరు విద్యార్థులు చర్చలు జరుపుకోవడానికి ఫై బీటా కప్పా అని ఒక సంఘం పెట్టుకున్నారు. అమెరికా స్వాతంత్ర్యం ప్రకటించుకుని అప్పటికి ఐదు నెలలు. గ్రీకు అక్షరాల పేరుతో వచ్చిన మొదటి విద్యార్థి సంఘం అదే, ఇప్పుడది ప్రతిభకి గుర్తింపుగా ఇచ్చే సభ్యత్వం. ఇప్పుడు మనం చూసే తరహా ఫ్రాటర్నిటీలు 1825లో న్యూయార్క్ రాష్ట్రం యూనియన్ కాలేజీలో కప్పా ఆల్ఫాతో మొదలయ్యాయి. నాన్నకి బాగా నచ్చింది 1852 నాటి కథ. పెన్సిల్వేనియాలోని జెఫర్సన్ కాలేజీలో టైఫాయిడ్ ప్రబలితే, జబ్బుపడిన స్నేహితుల మంచాల పక్కన రాత్రుళ్లు మేలుకుని సేవ చేసిన ఇద్దరు కుర్రాళ్లు ఆ తర్వాత ఫై కప్పా సై స్థాపించారు.

ఈ చరిత్రలో మచ్చ కూడా ఉంది, అదీ చెప్పాలి. చాలా సంఘాలు చాలాకాలం తెల్లవాళ్లని, అందులోనూ క్రైస్తవుల్ని తప్ప చేర్చుకోలేదు. గుమ్మంలోకి రానివ్వనివాళ్లు తమ ఇల్లు తామే కట్టుకున్నారు. 1906లో కార్నెల్‌లో నల్లజాతి విద్యార్థులు ఆల్ఫా ఫై ఆల్ఫా స్థాపించారు. మార్టిన్ లూథర్ కింగ్ అందులో సభ్యుడే.

నాన్న వెళ్తూ వెళ్తూ నాతో ఒకే మాట అన్నారు. "ఇంట్లో చెప్పుకోలేని పని ఏది చేయమన్నా ఆ క్షణమే బయటికి వచ్చెయ్. నేను వస్తాను." పై వారం అమ్మ గోంగూర పచ్చడి సీసా పంపింది, నలభై మందికీ సరిపోయేంత.

ఆ సెమిస్టర్ నేను ప్లెడ్జ్‌ని, అంటే ఇంకా పూర్తి సభ్యుణ్ణి కాదు. మా చేత చేయించినవి ఇవి. నలభై మందిలో ప్రతి ఒక్కరితోనూ విడిగా కూర్చుని గంటసేపు మాట్లాడాలి. వాళ్ల ఊరు, చదువు, ఇంట్లోవాళ్ల సంగతులు తెలుసుకోవాలి. వారంలో ఐదు రాత్రులు ఏడు నుంచి పది దాకా చదువుల గదిలో కూర్చోవాలి. శనివారం అందరితో పాటు ఇల్లు కడగాలి. మూడు వారాల కింద రెండు రోజులు గొంతు విప్పనివాణ్ణి, నలభై మందితో నలభై గంటలు మాట్లాడాను. నా ఇంగ్లిష్ అక్కడే బాగుపడింది, భయం అక్కడే పోయింది. చివర్లో పూర్తి సభ్యత్వం ఇచ్చే ఇనీషియేషన్ వేడుకలో ఏం చదువుతారో బయట చెప్పకూడదు, నేను చెప్పను. అమ్మకి మాత్రం, మన దేవుడికి అడ్డు వచ్చేది ఒక్కటీ లేదని చెప్పాను.

రెండో ఏడు హౌస్‌లోకి మారాను. ఇల్లినాయ్, ఇండియానా వైపు పాత హౌస్‌లలో కోల్డ్ డార్మ్ అని ఒకటి ఉంటుంది. గదుల్లో చదువుకోవడమే, పడుకోవడం మాత్రం అందరూ పై అంతస్తులో ఒకే పెద్ద గదిలో. రెండంతస్తుల మంచాలు, చలికాలంలో కూడా కిటికీలు తీసే ఉంటాయి. మొదటి రాత్రి మూడు దుప్పట్లు కప్పుకుని చీకట్లో పడుకుంటే, ముప్పై మంది ఊపిరి వినిపించింది. వేసవిలో తెనాలి డాబా మీద బాబాయిలు, అత్తయ్యలు, పిల్లలు అందరం వరసగా పక్కలేసుకుని పడుకున్న రాత్రులు గుర్తొచ్చాయి. అమెరికా వచ్చాక అంత నిద్ర నాకెప్పుడూ పట్టలేదు.

ఆ సెప్టెంబర్ పదకొండో తారీకు మంగళవారం. పొద్దున్న హాల్లో టీవీలో న్యూయార్క్ జంట భవనాల మీద దాడి చూస్తూ అందరం నిలబడ్డాం, ఎవరికీ నోట మాట లేదు. మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసి బయటికి వెళ్లొద్దంది. మర్నాడు నేను క్లాసుకి బయల్దేరుతుంటే మా బిగ్ బూట్లు వేసుకుంటూ కనిపించాడు. అతని క్లాసు మధ్యాహ్నం, నాది ఎనిమిదింటికి. "అటే వెళ్తున్నా" అన్నాడు. రెండు వారాల పాటు రోజూ ఎనిమిదింటికి అటే వెళ్లాడు. ఎందుకని నేను అడగలేదు, అతనూ చెప్పలేదు.

అక్టోబర్‌లో తెనాలిలో నాయనమ్మ పోయింది. వీసా కాగితాలు మధ్యలో ఉండి నాన్న కూడా వెళ్లలేకపోయారు. బాబాయే అన్నీ చేశాడు. ఇక్కడ మాకు ఏం చేయాలో తోచలేదు.

నాయనమ్మ జీవితాంతం కార్తీక సోమవారాలు ఉండేది. చన్నీళ్ల స్నానం, రోజంతా ఉపవాసం, చీకటి పడ్డాక చుక్కను చూసి, దీపం పెట్టి, అప్పుడు భోజనం. ఆవిడకి చూపు ఆనేది కాదు. పొద్దు గుంకగానే నన్ను డాబా ఎక్కించి, కింద మెట్ల దగ్గర నిలబడి "చుక్క పొడిచిందేమో చూడరా" అనేది. నేను కనిపించిందంటేనే ముద్ద ముట్టేది. ఒక్కోసారి ఆకలికి జాలిపడి రాని చుక్క వచ్చిందని చెబుదామనిపించేది. ఎప్పుడూ చెప్పలేదు. ఆ ఏడు ఆవిడ సోమవారాలు నేను ఉంటానని అమ్మతో అన్నాను.

సోమవారం అంటే మా హౌస్‌లో టై కట్టుకుని తినే రోజు. మొదటి సోమవారం పొద్దున్నే లేట్ ప్లేట్ కాగితంలో పేరు రాశాను. వంటావిడ చూసింది. అరవై దాటిన మనిషి, ఆ ఊరిదే. నువ్వు సోమవారం ఎప్పుడూ ఉంటావు కదా, ఒంట్లో బాగాలేదా అని అడిగింది. నాయనమ్మ సంగతి, చుక్క సంగతి చెప్పాను. మాంసం, గుడ్డు, ఉల్లి, వెల్లుల్లి తినకూడదనీ చెప్పాను. ఆవిడ తడి చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంటూ అంతా విని, సరే అంది.

సాయంత్రం నేను వెనక వైపు ఇనుప మెట్ల మీద కూర్చున్నాను. నాలుగున్నరకే పొద్దు గుంకింది. ఐదయింది. లోపల భోజనాల గంట వినిపించాలి, వినిపించలేదు. తలుపు తెరుచుకుని మొదట మా బిగ్ వచ్చాడు, వెనక మా పల్లెటూరి కుర్రాడు, ఆ వెనక ఒక్కొక్కళ్లే అందరూ. టైలు కట్టుకుని, కోట్లు వేసుకోకుండా, చలికి చేతులు చంకల్లో పెట్టుకుని మెట్ల మీద, పెరట్లో నిలబడ్డారు. వంటావిడ గంట కొట్టనందట. బల్ల దగ్గర ఒకడు తక్కువైతే నలభై మందీ కూర్చోరు కదా, మరి వాడు చుక్క కోసం చూస్తున్నాడు అందట. అందరికీ నచ్చిందని చెప్పను, ఆకలితో గొణిగినవాళ్లూ ఉన్నారు. కానీ లోపలికి ఎవరూ పోలేదు.

ఆకాశం నీలం దిగి నల్లబడుతోంది. నలభై తలలు పైకెత్తి చూస్తున్నాయి. చేలల్లో పెరిగినవాడికే ముందు కనిపించింది. "అదిగో, వేగా" అని పడమటి వైపు, ఎదురింటి కప్పు మీదుగా చూపించాడు. మన అభిజిత్ నక్షత్రం. సన్నగా, తెల్లగా, ఉందా లేదా అన్నట్టు. ఒకడు కేక పెట్టాడు, తర్వాత అందరూ అరిచారు. పక్క హౌస్‌వాళ్లు కిటికీలు తీసి చూశారు.

నా ప్లేటులో అన్నం, వెన్న, ఉడికించిన బంగాళాదుంపలు, బఠాణీలు. మొదటి ముద్ద చేత్తో తిన్నాను. నోట్లోకి వెళ్లింది గానీ గొంతు దిగడానికి చాలాసేపు పట్టింది. పక్కన కూర్చున్నవాడు నా గ్లాసులో నీళ్లు పోసి, తన తిండి తను తినసాగాడు.

మూడో సోమవారం మబ్బు కమ్మి మంచు కురిసింది. చుక్క కనిపించే ఆశ లేదు. అమ్మని అడిగితే, మబ్బు పడితే చుక్క పొడిచే వేళ దాటితే చాలు నాన్నా అంది. ఆ వేళ ఎంతో నాకు తెలియదు. వంటింట్లోకి వెళ్లాను. అక్కడ పాలు, బ్రెడ్డు ఆర్డర్లు రాసుకునే నల్లబల్ల ఉండేది. పాలు ఎన్ని గ్యాలన్లో రాసిన దాని కింద, అదే సుద్దముక్కతో, ‘స్టార్ 5:12’ అని ఉంది. అంతకుముందు సోమవారం చుక్క కనిపించిన వేళ ఆవిడ రాసిపెట్టుకుంది. గోడ గడియారం వంక చూస్తూ నిలబడి, ముల్లు అక్కడికి రాగానే గంట కొట్టింది.

అక్కా, ఇదీ నేను నీకు కాలింగ్ కార్డు మీద చెప్పలేకపోయింది.

మూడో ఏడు నన్ను ట్రెజరర్ చేశారు. ఇరవై ఏళ్లకి నలభై మంది డబ్బు చేతిలో పెట్టారు. డ్యూస్ అంటే సభ్యులు కట్టే డబ్బు వసూళ్లు, గ్యాసు బిల్లు, జనవరిలో అర్ధరాత్రి బాయిలర్ ఆగిపోతే మెకానిక్‌తో బేరం, బాకీ ఉన్న స్నేహితుణ్ణి ముఖం చెడకుండా అడగడం, అన్నీ అక్కడే నేర్చుకున్నాను. ఇప్పుడు నేను నడిపే ప్రాజెక్టుల్లో మీటింగ్ ఎలా జరపాలో నాకు ఏ మేనేజ్‌మెంట్ కోర్సూ నేర్పలేదు, ఆ సోమవారాలు నేర్పాయి.

ఇక పిల్లలకి. మా హౌస్‌లో పార్టీలు లేవని అబద్ధం చెప్పను, ఉండేవి. నేను తాగలేదు, ఎవరూ బలవంతపెట్టలేదు. కానీ కొన్ని చోట్ల కొత్తవాళ్ల చేత బలవంతంగా తాగించి ప్రాణాలు తీశారు. అది నిజం. అమ్మలు భయపడేది ఊరికే కాదు. 2024 డిసెంబర్‌లో అమెరికాలో హేజింగ్ మీద కేంద్ర స్థాయిలో చట్టం వచ్చింది. దాని ప్రకారం కాలేజీలు ఏ సంఘం మీద హేజింగ్ రుజువైందో బయటపెట్టాలి. రష్‌కి వెళ్లే ముందు మీ యూనివర్సిటీ పెట్టిన ఆ నివేదిక చదవండి. చాలా యూనివర్సిటీలు ఛాప్టర్ల వారీగా సగటు జీపీఏలు కూడా పెడతాయి, అదీ చూడండి. డ్యూస్ ఎంతో, వాటిలో ఏమేం కలిసి ఉన్నాయో ముందే కాగితం మీద అడగండి. సిగ్గుపడకండి, మా నాన్న అడిగారు. వారం మధ్యలో వెళ్లండి, వంటింట్లోకి తొంగి చూడండి, వంటమనిషితో ఆ కుర్రాళ్లు ఎలా మాట్లాడుతున్నారో వినండి. పూజలో చదివే మంత్రం రహస్యం కావచ్చు, నీ ఒంటికి చేసేది రహస్యం కాకూడదు. అమ్మకి చెప్పొద్దు అని ఎవరైనా అన్నారంటే, చెప్పులు వేసుకుని వచ్చెయ్యండి.

మనవాళ్లతోనే ఉండాలనిపిస్తే దానికీ దారి ఉంది. దక్షిణాసియా పిల్లలు 1994లో బింగమ్టన్‌లో అయోటా నూ డెల్టా, 1998లో ఆస్టిన్‌లో డెల్టా ఎప్సిలాన్ సై మొదలుపెట్టారు. ఆడపిల్లలకి అదే ఏడు ఆస్టిన్‌లో కప్పా ఫై గామా, హ్యూస్టన్‌లో డెల్టా ఫై ఒమేగా వచ్చాయి. ఇల్లు, పార్టీలు ఏవీ వద్దు, సేవ చాలు అంటే ఆల్ఫా ఫై ఒమేగా ఉంది. 1925లో లఫాయెట్ కాలేజీలో స్కౌటింగ్ ఆదర్శాలతో పుట్టింది, అబ్బాయిలు అమ్మాయిలు అందరూ చేరొచ్చు. పర్డ్యూ యూనివర్సిటీలో కోఆపరేటివ్ హౌస్‌లు ఉన్నాయి, ఇంటి పనులు పిల్లలే పంచుకుంటారు కాబట్టి ఖర్చు తక్కువ. పేరు ఏదైనా కానివ్వండి. మీరు భోజనానికి రాకపోతే, వాడేడి అని అడిగే చోటు ఒకటి మొదటి సెమిస్టర్‌లోనే వెతుక్కోండి.

ఇది సగం రాసేసరికి, నిన్న సాయంత్రం మేనల్లుడి నుంచి వీడియో కాల్ వచ్చింది. బాత్రూమ్ అద్దం ముందు నిలబడి ఉన్నాడు. మెడలో ఎర్ర టై, రెండు కొసలూ వేలాడుతున్నాయి.

"మావయ్యా, భోజనానికి పిలిచారు. టై కట్టుకు రమ్మన్నారు. నాకు రాదు."

"ఫోన్ అక్కడ ఆనించి పెట్టు. అద్దంలోకి చూడు, నా వంక కాదు. వెడల్పు కొస కుడిచేతిలోకి తీసుకో."

నేను లేచి నా టై తెచ్చుకుని, వాడితో పాటు కట్టడం మొదలుపెట్టాను. మొదటిసారి ముడి పక్కకి పోయింది. విప్పమన్నాను. రెండోసారి పొట్టిదైంది. వెనకాల ఎవరో తలుపు కొట్టి, వస్తున్నావా అని అడగడం వినిపించింది, వాడి పేరు పూర్తిగా పిలుస్తూ. వాడు తల తిప్పి చూసి, మళ్లీ అద్దంలోకి చూశాడు. మూడోసారి ముడి సరిగ్గా కాలరు మధ్యకి వచ్చి కూర్చుంది.

"అమ్మకి ఫోటో పంపి వెళ్లు" అన్నాను.